చింతెమిర్ బండి దీపం

"నేనే చంపానక్కా. రాసుకో. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

తొమ్మిదీ ఇరవైకి లాకప్ గదిలో తోక్తోసున్ అన్న మొదటి మాట అది. నాలుగు రోజులుగా అతను అదే మాట అంటున్నాడు. కాపలా కానిస్టేబులు వినీ వినీ విసిగిపోయి తలుపు బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

బురుల్ కుర్చీ లాక్కుని కూర్చుంది. జిల్లా ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఆమె దర్యాప్తు అధికారి. యాభై రెండేళ్ళు. ముద్దాయి ఒప్పుకోకపోతే విసుగు, అడక్కుండానే ఒప్పేసుకుంటే అనుమానం. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఆమెకి అంటుకున్న జబ్బు అది, ఇక వదిలేలా లేదు.

ఫైలులో ఉన్న సంగతి ఇంతే. మంగళవారం పొద్దున పదకొండూ నలభైకి కోక్-బెల్ సొరంగంలో చింతెమిర్ అనే ముప్ఫై నాలుగేళ్ళ మనిషి చచ్చిపోయాడు. విదేశీ పర్యాటకుల్ని మోటారు సైకిళ్ళ మీద కనుమలు దాటించడం అతని పని. ఆ రోజు వెనకాల ఐదుగురున్నారు. వాళ్ళని ఉత్తరం వైపు కనుమ కింద టీ కొట్టు దగ్గర ఆపి, దారి తెరిచి ఉందో లేదో చూసొస్తానని ఒక్కడే ముందుకొచ్చాడు. సొరంగంలో ఆగిపోయి ఉన్న బొగ్గు లారీని వెనక నుంచి గుద్దాడు. సొరంగం లోపల దీపాలు వెలిగి రెండేళ్ళయింది. పట్టపగలైనా సరే, బండికి దీపం లేకపోతే అక్కడ మన చెయ్యి మనకి కనబడదు.

చింతెమిర్ బండికి దీపం లేదని ట్రాఫిక్ పోలీసు మేజర్ తాలాయ్ నివేదిక రాశాడు. కొత్తగా వేయించిన ఎల్ఈడీ బల్బు గుద్దుకోక ముందే మాడిపోయిందన్నాడు. రెండు వారాల కిందట ఆ బల్బు వేసిన మెకానిక్ ఈ తోక్తోసున్. సాయంత్రం ఐదింటికి నివేదిక జడ్జి ముందుకి వెళుతుంది. వెళితే తోక్తోసున్‌కి ఐదేళ్ళకి తక్కువ పడదు.

"సంతకం సంగతి తర్వాత. బల్బు పెట్టె మీద ఏం రాసుంది?" అంది బురుల్.

తోక్తోసున్ తలెత్తాడు. ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగినట్టు లేదు. "యాభై వేల గంటలు వెలుగుతుందని రాసుంది. అట్టపెట్టె మీద ఏమైనా రాస్తారక్కా. మన రోడ్ల మీద పదింట్లో మూడు ఒక్క వేసవి దాటవు."

"ఎందుకు దాటవు?"

"వాటి వెనక వేడి లాగడానికి బొటనవేలంత ఫ్యాను ఉంటుంది. మన దుమ్ముకి అది నెల తిరక్కుండా బిగుసుకుపోతుంది. ఫ్యాను ఆగితే బల్బు తన వేడికి తనే ఉడికి చస్తుంది. కొన్నింటికి నీళ్ళు దిగుతాయి. కొన్నింటికి మన గతుకులకి తీగల అతుకు టాంకాలు ఊడిపోతాయి."

"ఇంత తెలిసిన వాడివి మరి ఎందుకు వేశావు?"

"వాడు పోరు పెట్టాడు. పాత బల్బు వెలుగు బొత్తిగా చాలడం లేదు, వెనకాల ఐదుగురి ప్రాణాలు మోసుకుని తిరుగుతున్నాను అన్నాడు." తోక్తోసున్ అరచేతుల్లోకి చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు ఇంకా పోలేదు. "నేను వేస్తే ఫ్యాను పీకేసి వేస్తాను. దాని బదులు రాగి తీగని జడలా అల్లి దీపం డూము వెనక రేకుకి బిగిస్తాను. వేడి రేకులోకి పోతుంది, తిరిగేదీ ఆగేదీ ఏమీ ఉండదు. తీగల్ని గుర్రపు తోక వెంట్రుకతో కడతాను. ప్లాస్టిక్ పట్టీలు చలికి పుటుక్కున తెగుతాయి. వెంట్రుక తెగదు. మా నాన్న జీనులు కుట్టేటప్పుడు వేసే ముడి అది."

"అలా వేసినవి ఎన్ని పోయాయి?"

"ఇప్పటిదాకా ఒక్కటీ పోలేదు. వాడిదే పోయింది. పోతే వాడిదే పోవాలా?"

"వీటికి ఇంకేం జబ్బులున్నాయి?"

"ముందు అద్దం వేడెక్కదు. పాత బల్బైతే మంచు పడ్డా కరిగిపోయేది, దీనికి అలాగే పేరుకుంటుంది. సొరంగం ముందు ఆగి తుడవరా అని చెప్పాను. ఆ రోజు కనుమ మీద మంచు పడింది. తుడిచాడో లేదో." అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఇంకోటి, వెలుగు చెల్లాచెదురవుతుంది. పాత బల్బు కోసం చేసిన డూము కదా. గోడ మీద సుద్దగీత గీసి, వెలుగు ఆ గీత దాటకుండా దించి బిగించాలి. లేకపోతే ఎదురొచ్చే వాడి కళ్ళు పోతాయి. జీపుల పెద్ద డూములకి ఎంత దించినా కుదరదు, అందుకని నేను వెయ్యను. నేను కాదంటే బజారులో వేయించుకుంటారు."

"మేజర్ దగ్గర నేరం ఎప్పుడు ఒప్పుకున్నావు?"

"నేను ఒప్పుకోలేదక్కా, ఆయన విన్నాడు. చావింటి గుడారం ముందుకెళ్ళి అందరూ ఏడ్చినట్టే ఏడ్చాను. తమ్ముడా, నిన్ను నేనే మింగాను, నీ బదులు నేను పోకపోతినే అని. ఆయన అక్కడే నిలబడి రాసుకున్నాడు."

"అవి మగాళ్ళంతా చావు దగ్గర అనే మాటలే కదా."

"అందరూ ఊరికే అంటారు. నేను నిజంగానే అన్నాను."

మూలన రొట్టె అట్టకట్టి ఉంది. చాయ్ మీద పొర కట్టింది. నాలుగు రోజులుగా ఇతను ఏమీ తినలేదని బురుల్‌కి చూడగానే తెలిసింది. ఆమెకి కోపం వచ్చింది. ఎవరి మీదో ఇంకా తెలియని కోపం అది.

"మాడిపోయిన ఆ బల్బు నీకు చూపించారా?"

"చూపిస్తామన్నారు. వద్దన్నాను. చూళ్ళేనక్కా."

"పెట్టెలో ఎన్ని వస్తాయి?"

"జతగా వస్తాయి. ఒకటి వాడికి వేశాను, రెండోది అదే రోజు అదే పద్ధతిలో నా బండికి వేసుకున్నాను."

బురుల్ లేచింది. "రొట్టె తిను. ఇది సలహా కాదు, ఆర్డరు."

* * *

పోలీసు షెడ్డు తాళం మేజర్ తాలాయ్ దగ్గరే ఉంటుంది, ఇంకెవరికీ ఇవ్వడు. పదీ ముప్ఫై అయిదుకి తనే వచ్చి తీశాడు. నలభై రెండేళ్ళ మనిషి, ఇస్త్రీ చెదరని యూనిఫారం. పద్దెనిమిదేళ్ళ కిందట బురుల్ రోడ్డు విభాగంలో సైడ్‌కారు బండి మీద తిరిగే రోజుల్లో ఇతను ఆమె కింద పనిచేసిన కుర్రాడు. ఇప్పుడు భుజం మీద ఆమె కంటే ఒక నక్షత్రం ఎక్కువే ఉంది.

"భూతద్దం ఇంకా వదల్లేదా అక్కా? మ్యూజియం వాళ్ళు అడగడం లేదూ?"

"అడిగారు. నువ్వు నేర్చుకోవడం పూర్తయ్యాక ఇస్తానన్నాను."

తాలాయ్ నవ్వాడు, కానీ షెడ్డు లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

చింతెమిర్ బండి గోడకి ఆనించి ఉంది. ముందు ఫోర్కు వెనక్కి మడిచేసినట్టుంది, డూము అద్దం లేదు. బురుల్ ముందు వైపు చూడకుండా వెనక్కి వెళ్ళి కూర్చుని తోక దీపం మూత విప్పింది. ముందు దీపం మార్చారు గానీ వెనక మాత్రం పాత రకం తీగ బల్బే ఉంది. భూతద్దం పెట్టి చూసింది. లోపలి తీగ మెత్తటి దారంలా పొడుగ్గా సాగి ఒక పక్కకి వంగిపోయింది.

ఈ విద్య ఆమెది. వెలుగుతున్న బల్బులో తీగ కాగి మెత్తగా ఉంటుంది, గట్టి దెబ్బ తగిలితే సాగుతుంది. ఆరి ఉన్న బల్బైతే తీగ ఎండుపుల్లలా విరిగిపోతుంది. ఎల్ఈడీలకి ఆ తీగే లేదు. అందుకే మేజర్లు ఏది రాస్తే అదే నిజం అయిపోతోంది.

"దెబ్బ తగిలినప్పుడు తోక దీపం వెలుగుతోంది. అంటే బ్యాటరీ ఉంది, స్విచ్చి వేసే ఉంది," అంది.

"తోక వెలిగితే తల వెలిగినట్టా? బల్బే మాడిపోయిందంటే స్విచ్చి ఏం చేస్తుంది?" తాలాయ్ చేతిలో ఉన్న కవరు అందించాడు. "చూసుకోండి."

కవర్లో బల్బు ఉంది. దాని వెనక పలక నల్లగా బొగ్గయింది. బొగ్గయిన పలక పక్కన బొటనవేలంత ఫ్యాను ఉంది. రెక్కల మీద దుమ్ము లేదు. తీగల్ని తెల్లటి ప్లాస్టిక్ పట్టీ పట్టి ఉంచింది.

బురుల్ ముఖం ఏమీ మారకుండా బల్బుని మళ్ళీ కవర్లో పెట్టింది. డూము వెనక రబ్బరు తొడుగు తిప్పి చూసింది. అంత నల్లగా మాడిన బల్బు ఉన్న చోట మసి అంటాలి, కాలిన వాసన రావాలి. తొడుగు శుభ్రంగా ఉంది. బండి వైపు నుంచి వచ్చిన తీగల మీద నల్లటి వెంట్రుక కొస ఒకటి వేలాడుతోంది, గోరంత పొడుగు. చివర బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంది.

తాలాయ్ ఫోను మోగింది. అతను అటు తిరిగిన రెండు క్షణాల్లో ఆ వెంట్రుక బురుల్ రుమాల్లోకి, రుమాలు కోటు జేబులోకి వెళ్ళిపోయాయి.

"షమ్షీ ఫోన్," అన్నాడు తాలాయ్ తిరిగొచ్చి. "లారీ డ్రైవరు. మధ్యాహ్నం లారీ వేసుకుని సొరంగానికి రమ్మని మీ ఆఫీసు పిలిచిందట. ఎందుకక్కా ఈ పాట్లు? డ్రైవరు చూశాడు, నేను పరీక్ష చేశాను, చేసినవాడు ఒప్పుకున్నాడు. ముక్కాలిపీట వేసి ఇచ్చాను, కూర్చోవచ్చు కదా."

"ఒప్పుకోలేదు, ఏడ్చాడు. మీ నాన్న పోయినప్పుడు నువ్వు గుడారం ముందు ఏమని ఏడ్చావో నాకు గుర్తుంది తాలాయ్. 'నాన్నా, నిన్ను నా చేతులతో పూడ్చుకున్నాను' అన్నావు. నిన్నెవరూ అరెస్టు చెయ్యలేదు."

తాలాయ్ ముఖంలో నవ్వు పోయింది. "మా నాన్న సంగతి ఇక్కడొద్దు."

"సరే, నీ సంగతి చెప్పు. మంగళవారం నీకు కబురు ఎన్నింటికి అందింది?"

"పదకొండూ నలభై ఏడు. షమ్షీ బయటికి పరిగెత్తి ఫోన్ చేశాడు. లోపల సిగ్నలు ఉండదు."

"సొరంగానికి ఎన్నింటికి చేరావు?"

"పదకొండూ యాభై రెండు. అంతా నివేదికలో ఉంది."

"ఊరి నుంచి సొరంగానికి ముప్ఫయ్యొక్క కిలోమీటర్ల ఎక్కుడు దారి. అయిదు నిమిషాల్లో ఎక్కేశావు."

"గస్తీలో ఉన్నాను."

"ఏ వైపు?"

"దారిలో." అతను తాళం గుత్తి ఆడించాడు. "ఐదింటికి కాగితాలు వెళతాయి. అప్పటిదాకా మీ ఇష్టం, ఎన్ని బళ్ళ తోకలైనా విప్పుకోండి."

* * *

తోక్తోసున్ షెడ్డు దగ్గర అతని భార్య బండి తాళం చెవి ఇస్తూ ఒక్కటే అడిగింది.

"తింటున్నాడా?"

"తింటున్నాడు," అంది బురుల్. అబద్ధమాడినందుకు సిగ్గేసింది కూడా.

బండి డూము వెనక మూత విప్పింది. రాగి జడ ఉంది, ఫ్యాను లేదు. తీగల చుట్టూ నల్లటి వెంట్రుక, జీనుకి వేసే మెలిక ముడి. రుమాల్లో కొసని పక్కన పెట్టి చూసింది. అదే లావు, అదే నలుపు.

అయితే చింతెమిర్ బండిలోంచి తోక్తోసున్ వేసిన బల్బు కోసి తీసేశారు, ఇంకో మాడు బల్బు పెట్టారు. షెడ్డు తాళం ఒక్క తాలాయ్ దగ్గరే ఉంది. ఎవరన్నది తెలిసింది. ఎందుకన్నదే అర్థం కాలేదు. తీసేసింది బతికున్న బల్బైతేనే కదా దాని బదులు చచ్చిన బల్బు పెట్టాల్సి వచ్చేది. చింతెమిర్ దీపం వెలుగుతూనే ఉంది. వెలుగుతున్న దీపంతో వచ్చినవాడు అంత పెద్ద లారీని ఎలా గుద్దాడు?

నిజానికి ఇక్కడ ఆమె ఆగి, ఆఫీసుకి ఫోన్ చేసి, ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పి ఉండాల్సింది. ఒంటి గంట దాటింది. ఐదింటికి ఇంకా నాలుగు గంటలైనా లేదు. ముందు 'ఎందుకు' తేలితే అప్పుడే చెబుదాంలే అనుకుంది. తోక్తోసున్ బండే ఎక్కి కనుమ దారి పట్టింది.

* * *

రెండూ యాభైకి షమ్షీ లారీని సొరంగంలో సరిగ్గా ఆ రోజు ఆగిన చోటే నిలబెట్టాడు. ఉత్తరం నోటి నుంచి ఏడు వందల అడుగులు. రోడ్డు మీద పగిలిన అద్దం పొడి ఇంకా ఉంది. గాలిలో పొగ, తడి రాతి వాసన. షమ్షీ ముప్ఫై దాటని బక్క మనిషి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ తీస్తున్నాడు, పెట్టుకుంటున్నాడు.

"హెచ్చరిక పలక వెనకాల ఎంత దూరంలో పెట్టావు?"

"నలభై అడుగుల్లో అక్కా."

"నివేదికలో చెప్పింది కాదు, నిజం చెప్పు."

షమ్షీ టోపీ తీశాడు. "పెట్టలేదు. పలకే లేదు నా దగ్గర. కరెంటు మొత్తం పోయి లారీ ఆగింది, వెనక దీపాలు కూడా లేవు. టైరు కింద రాయి పెట్టి బానెట్టు ఎత్తాను. అంతే. ఇది తెలిస్తే నన్నే లోపలేస్తారని మేజరు గారన్నారు. బండికి దీపం లేదని రాస్తే నీ జోలికెవరూ రారు అన్నారు."

"చింతెమిర్ బండికి దీపం లేకపోవడం నీ కళ్ళతో చూశావా?"

"చూళ్ళేదు. నేను ఇంజను దగ్గర వంగి ఉన్నాను."

బురుల్ అంతకంటే అడగకుండా తోక్తోసున్ బండిని వెనక్కి నడిపించుకుంటూ వెళ్ళింది. షమ్షీ అడుగులు లెక్కపెడుతూ పక్కనే నడిచాడు. నూట ఇరవై అడుగుల దగ్గర ఆగి బండి ఎక్కి స్టార్ట్ చేసి, దీపం వేసింది.

కొండదారి గతుకులన్నీ తిని వచ్చిన ఆ దీపం వణక్కుండా వెలిగింది. వెలుగు గీత గీసినట్టు రోడ్డు మీదే పరుచుకుంది, పైకి పోలేదు. లారీ వెనక తలుపు, దాని మీద తుప్పు, గొళ్ళేనికి కట్టిన తాడు, టైరు కింద రాయి, అన్నీ కనిపించాయి.

"ఇంత బాగా కనబడుతుంటే అతను ఎలా గుద్దాడక్కా?" అన్నాడు షమ్షీ నెమ్మదిగా.

"అదే నిన్ను అడుగుతున్నాను. అతని బండి దీపం వెలుగుతూనే ఉంది. ఆరిపోయిందని నువ్వు రాసిచ్చిన కాగితంతో ఒక అమాయకుడు ఇవాళ సాయంత్రం జైలుకి పోతున్నాడు. తన స్నేహితుణ్ణి తనే చంపుకున్నానని నమ్మి తిండి మానేశాడు. నువ్వు ఇంకేం చూశావు షమ్షీ?"

"నేనేమీ చూళ్ళేదు. కళ్ళు మూసుకున్నాను."

"ఎందుకు మూసుకున్నావు?"

అతను నోరు తెరిచాడు. "అది రాయొద్దన్నారక్కా," అన్నాడు.

అప్పుడే సొరంగం దక్షిణం వైపు నుంచి తెల్లగా ఏదో పొడుచుకొచ్చింది. ముందు గోడలు తెల్లబడ్డాయి. తర్వాత బురుల్‌కి ఏమీ కనబడలేదు. లారీ ఉన్న చోట లారీ లేదు. రోడ్డు లేదు. తన చేతుల కింద హ్యాండిలు కూడా లేదు. కళ్ళలో ఉప్పు చల్లినట్టు మంట పుట్టింది. ఆమె బండి కదలకుండా నిలబడి ఉంది కాబట్టి సరిపోయింది. గంటకి అరవై మీద వస్తున్నవాడికి ఆ నాలుగు క్షణాలు చాలు.

పక్కన షమ్షీ మోచేయి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు. "ఇదే అక్కా. ఆ రోజు వచ్చిన వెలుగు ఇదే. ఇది పోయిందో లేదో, వెనకాల దబ్బుమంది."

ఆ వెలుగు లారీని దాటొచ్చి వాళ్ళకి ఇరవై అడుగుల్లో ఆగింది. జీపు తలుపు తెరుచుకుంది. దీపాలు ఆర్పకుండానే తాలాయ్ దిగాడు.

"ప్రయోగం అయిందా అక్కా?"

బురుల్ షమ్షీ వైపు తిరిగింది. "షమ్షీ, మంగళవారం మేజరు గారి జీపు ఏ వైపు నుంచి వచ్చింది?"

"ఉత్తరం నుంచి."

"ఊరు దక్షిణాన ఉంది కదా."

"నేను బయటికి పరిగెత్తి ఫోన్ చేస్తుంటే కింద మలుపులో ఆగి ఉందక్కా జీపు." షమ్షీ టోపీని రెండు చేతుల్లో నలిపాడు. "నేను పరిగెత్తేటప్పుడు అతనికి ఊపిరుంది. నీళ్ళు అడిగాడు. సాయం వస్తుందని చెప్పి పరిగెత్తాను."

పదకొండూ నలభై నుంచి యాభై రెండు దాకా పన్నెండు నిమిషాలు. అయిదు నిమిషాల్లో ఎక్కలేని ఎక్కుడు ఎలా ఎక్కాడా అని పొద్దున్నుంచీ బుర్ర బద్దలుకొట్టుకుంది బురుల్. అతను ఎక్కనే లేదు. అక్కడే ఉన్నాడు.

"నా దారిలో నేను వచ్చాను," అన్నాడు తాలాయ్. అతని గొంతులో మేజర్ ఎక్కడా లేడు, ఆ పాత కుర్రాడే ఉన్నాడు. "ఎదురుగా బండి వస్తున్నా దీపాలు దించలేదు, అంతే. ఈ రోజుల్లో ఎవరు దించుతున్నారక్కా?"

"చప్పుడు విన్నావా?"

"విన్నాను."

"ఆగావా?"

"మలుపు దాకా పోయి ఆగాను. వెనక్కి వద్దామనే అనుకున్నాను. ప్రతి నిమిషం అనుకున్నాను." అతను చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "వచ్చేసరికి అతను పోయాడు. బండి దీపం మాత్రం వెలుగుతూ గోడ మీద పడుతోంది. అది చూసి భయమేసింది, అది వెలుగుతోందంటే తప్పు నాదేనని తేలిపోతుంది."

బురుల్‌కి ఒళ్ళు మండింది. నేర్పింది తనే కదా వీడికి, ముందు మనిషిని చూడాలి, తర్వాత బండిని చూడాలని. వీడు ముందు దీపాన్ని చూశాడు.

తాలాయ్ జీపులోకి వంగి దీపాలు ఆర్పాడు. ఇక సొరంగంలో ఉన్నది తోక్తోసున్ బండి దీపం ఒక్కటే. అది రోడ్డు మీద, తాలాయ్ బూట్ల మీద పడుతోంది.

"దాన్ని కూడా ఆర్పెయ్యండి. కూర్చుని మాట్లాడుకుందాం. ఐదింటికి ఇంకా టైముంది. ఆ మెకానిక్‌కి శిక్ష తగ్గేలా నేను చూస్తాను."

"శిక్ష గురించి కాదు తాలాయ్. తన చేతి పని మనిషిని చంపిందనుకుంటున్నాడు వాడు. బతికినన్నాళ్ళూ అలాగే అనుకుంటాడు."

"ఆర్పండి అక్కా."

అతని చెయ్యి నడుము దగ్గర తుపాకీ తోలు సంచి బొత్తం మీదికి వెళ్ళింది. బొత్తం ఊడిన చప్పుడు సొరంగంలో స్పష్టంగా వినిపించింది.

ఇక్కడ సిగ్నలు లేదు. జేబులో వెంట్రుక సంగతి ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా రావడం ఎంత పొరపాటో బురుల్‌కి ఇప్పుడు తెలిసొచ్చింది. తను ఇక్కడ పడిపోతే, ఐదింటికి తోక్తోసున్ చూపించిన చోటల్లా సంతకం పెడతాడు.

"షమ్షీ," అంది తల తిప్పకుండా. "ఉత్తరం వైపు. ఈసారి ఫోన్ మా ఆఫీసుకి చెయ్యి. మెకానిక్ దీపం ఆరలేదని చెప్పు, బల్బు మార్చారని చెప్పు. నువ్వు చూసింది అంతా చెప్పు. నిన్ను లోపలేస్తే నేను బయటికి తెస్తాను. పరుగెత్తు."

షమ్షీ కదల్లేదు.

"ఆ రోజు ఒకడికి సాయం వస్తుందని మాటిచ్చావు కదరా."

అప్పుడు కదిలాడు. టోపీ అక్కడే పడిపోయింది. తాలాయ్ చెయ్యి పైకి లేచింది. అదే క్షణంలో బురుల్ బొటనవేలు పెద్ద వెలుగు స్విచ్చి మీద పడింది, ఆమె హ్యాండిలు అతని వైపు తిప్పింది. సుద్దగీత కింద అణిగి ఉన్న వెలుగు ఒక్కసారిగా లేచి తాలాయ్ కళ్ళ నిండా పడింది. అతను మోచేయి అడ్డం పెట్టుకుని వెనక్కి తూలాడు. తుపాకీ అటూ ఇటూ వెతికింది. వెనక పరుగెత్తుతున్న మనిషి ఆ వెలుగు అవతల ఎక్కడున్నాడో అతనికి తెలియలేదు.

బురుల్ అడుగుల చప్పుడు లెక్కపెట్టింది. యాభై. వంద. బండి వదిలి పక్కకి దూకవచ్చు, కానీ హ్యాండిలు వదిలితే వెలుగు పక్కకి పోతుంది. ఆమె వదల్లేదు.

నూట యాభై దగ్గర తాలాయ్ వెతకడం మానేశాడు. తనకి కనబడుతున్న ఒకే ఒక్క దానికి గురిపెట్టి పేల్చాడు.

డూము అద్దం పగిలి బురుల్ ముఖానికి కొట్టింది. దీపం ఆరింది. నుదుటి మీంచి వెచ్చగా ఏదో కంట్లోకి కారుతుంటే ఆమె బండి మీంచి రోడ్డు మీదికి జారి, చల్లటి రాతికి చెంప ఆనించి ఊపిరి బిగపట్టుకుంది. తాలాయ్ బూట్లు గాజు పొడి మీద నెమ్మదిగా దగ్గరికి వస్తున్నాయి. దూరంగా, ఉత్తరం వైపు, షమ్షీ ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాడు.